అరవై వాద్యాలు – ఒకే ముల్లు

క్రిందటి సంవత్సరం తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతూ, ఇంట్లో ఉన్న పాత రికార్డు ప్లేయరును బడికి పట్టుకుపోయాను. నా దగ్గర చదువుకుని ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడు సెలవులకు వస్తూ నాకొక రికార్డు తెచ్చి ఇచ్చాడు. దాన్ని ప్లేయరు మీద పెట్టి ముల్లు ఆనించాను. మొదట పియానో, దాని వెనకే వయొలిన్లు, ఆ తరువాత ఇత్తడి బాకాలు, వాటన్నిటి మధ్య ఒక మనిషి గొంతు! పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. అందులో సగం మంది రికార్డు తిరగడం చూడటం అదే మొదటిసారి.

పాట అయిపోయాక ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "సార్! ఇందులో ఎంతమంది వాయించారు?" అని అడిగింది.

"పెద్ద వాద్యబృందమమ్మా. యాభై అరవై మంది ఉంటారనుకో" అన్నాను.

"మరైతే అరవై గాళ్ళు ఉండాలి కదా, సార్! ఒక్క గాడే ఉందంటున్నారు. ముల్లు కూడా ఒక్కటే. అన్నీ కలిపి ఎలా పాడుతుంది?"

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు అయిదు నిమిషాల్లో ఏదో చెప్పాను గాని నాకు తృప్తి కలగలేదు. మంచి ప్రశ్నకు అరకొర జవాబు చెప్పడం ఉపాధ్యాయుడికి తగదు. ఆ జవాబును ఈసారి తీరుబడిగా చెప్పుకుందాం.

ఏమిటా రికార్డు?

ముందుగా మా తరగతిలో వినిపించిన సంగీతం గురించి నాలుగు మాటలు. 1970ల చివరి నుంచి బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొందరు యువ గాయకులు పెద్ద సంస్థల మీద ఆధారపడకుండా చిన్న చిన్న సంస్థల ద్వారా, ఒక్కోసారి సొంత ఖర్చుతోనే, తమ పాటలను విడుదల చెయ్యసాగారు. స్వతంత్రమైనది అనే అర్థంగల 'ఇండిపెండెంట్' అనే మాటను కుదించి ఈ పాటలను 'ఇండీ' పాటలు అన్నారు. ఒక గిటారు, ఒక డ్రమ్ముల జత, ఒక గొంతు - చాలా పాటలకు ఇంతకు మించిన హంగు ఉండదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జస్టిన్ వెర్నన్ అనే యువకుడు చలికాలమంతా అడవిలోని ఒక గుడిసెలో ఒంటరిగా కూర్చుని, తనే పాడి తనే వాయించుకుని ఒక ఆల్బమ్ తయారుచేశాడు. 2007లో దాన్ని తనే విడుదల చేసుకున్నాడు. ఆయన పెట్టుకున్న సంగీత నామం 'బాన్ ఐవేర్'.

ఇంగ్లండుకు చెందిన పీటర్ గేబ్రియల్ అనే ప్రసిద్ధ గాయకుడు ఇటువంటి పాటలను మరికొందరి పాటలతో కలిపి, 2010లో 'స్క్రాచ్ మై బ్యాక్' అనే ఆల్బమ్‌గా పాడాడు. దీనికి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: గిటార్లు ఉండకూడదు, డ్రమ్ములు ఉండకూడదు. ఉన్నదల్లా పియానో, తంత్రీ వాద్యాలు, సుషిర వాద్యాలతో కూడిన పాశ్చాత్య వాద్యబృందమే. జాన్ మెట్కాఫ్ అనే వయోలా విద్వాంసుడు ఆ పాటలను వాద్యబృందానికి అనువుగా తిరిగి మలిచాడు. బాన్ ఐవేర్ గుడిసెలో పుట్టిన పాట ఒకటి అందులో ఉంది. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన 'ఆర్కేడ్ ఫైర్' బృందం 2007లో పాడిన పాట ఇంకొకటి ఉంది. అది గుసగుసలా మొదలై, క్రమంగా పెరిగి, చివరకు వాద్యబృందమంతా ఒక్కసారిగా గర్జించే స్థాయికి చేరుతుంది.

ఇటువంటి ప్రయత్నం ఇదొక్కటే కాదు. 2009 జనవరిలో 'ఎల్బో' అనే ఇంగ్లీషు బృందం తన ఆల్బమ్ మొత్తాన్ని లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో బి.బి.సి. కాన్సర్ట్ ఆర్కెస్ట్రాతోనూ ఒక గాయక బృందంతోనూ కలిసి వినిపించింది. ఇలాంటి సంగీతాన్ని నేడు మళ్ళీ వినైల్ రికార్డుల మీద కూడా ముద్రిస్తున్నారు. అక్కడే మన విజ్ఞాన శాస్త్రం మొదలవుతుంది. గిటారు పాటను మోయడం రికార్డుకు ఒక పని. వాద్యబృందాన్ని మోయడం వేరే పని.

కూడిక తెలిసిన గాడి

అరవై ధ్వనులు ఒక గాడిలో ఎలా ఇమిడాయని అడిగిన అమ్మాయిని నేను అడగవలసిన ఎదురు ప్రశ్న ఒకటుంది: "నీ చెవిలో కర్ణభేరులు ఎన్ని?" ఒక్కో చెవికి ఒక్కటే! పెళ్ళి ఊరేగింపులో సన్నాయి, డోలు, పిల్లల అరుపులు, మోటారు కూతలు అన్నీ కలిసి ఆ ఒక్క పొరనే కదిలిస్తాయి. ఆ పొర ఒకే క్షణంలో రెండు చోట్ల ఉండలేదు. ముందుకు పోవాలి, లేదా వెనక్కు రావాలి.

ధ్వని అంటే గాలిలో పీడనం పెరుగుతూ తగ్గుతూ ప్రయాణించడమేనని మీరు చదువుకున్నారు. అనేక ధ్వనులు ఒకేచోటికి చేరినప్పుడు వాటి పీడనాలు కలిసిపోతాయి. ఎలా కలుస్తాయి? మామూలు కూడికలాగే. ఒక క్షణంలో వయొలిన్ గాలిని +3 పాళ్ళు నెట్టిందనుకుందాం. అదే క్షణంలో చెల్లో -2 పాళ్ళు లాగింది. ఫ్లూటు +1 నెట్టింది. ఫలితం: 3 - 2 + 1 = +2. మరుక్షణంలో అవి వరుసగా +1, -3, -1 అయితే ఫలితం -3. దీన్నే తరంగాల 'అధ్యారోపణ సూత్రం' అంటారు. మైకుకు చేరేది ఈ మొత్తమే. గాడిలో చెక్కేది కూడా ఈ మొత్తాల వరుసనే. అరవై మంది వాయించినా ఆరుగురు వాయించినా ఒక్కో క్షణానికి వచ్చేది ఒక్క సంఖ్యే. అందుకే ఒక్క గాడి చాలు.

మరి కలిసిపోయిన దాన్ని విడదీసేది ఎవరు? ఇదే అసలైన విశేషం. ఏ స్వరాన్నయినా, ఎంత వంకరటింకరగా ఉన్న తరంగాన్నయినా వేర్వేరు పౌనఃపున్యాలు గల సరళ తరంగాల మొత్తంగా చూపవచ్చునన్న ఆలోచనను ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఆయన రాసింది సంగీతం గురించి కాదు, ఉష్ణం ప్రసరించే తీరు గురించి. కాని మన చెవి ఆ విడదీసే పనిని పుట్టుకతోనే చేస్తోంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న కర్ణావర్తంలో ఒక సన్నని పొర ఉంది. దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. హెచ్చు పౌనఃపున్యాలకు అది మొదటి భాగంలో ఎక్కువగా కంపిస్తుంది, తక్కువ పౌనఃపున్యాలకు కొన భాగంలో ఎక్కువగా కంపిస్తుంది. ఈ సంగతిని పరిశోధించి నిరూపించినందుకు గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది. ఏ భాగం ఎంత కంపించిందో నరాల ద్వారా తెలుసుకుని మెదడు, "ఇది వయొలిన్, ఇది బాకా" అని గుర్తుపడుతుంది. కనుక రికార్డు చేసేది కూడిక మాత్రమే. దాన్ని తిరిగి విడదీసేది మన చెవీ, మన మెదడూ.

గాడికి రెండు గోడలు

ఒక్క గాడి అన్నాను గాని అందులో ఇంకొక చమత్కారం ఉంది. గాడిని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. రెండు గోడలూ ఒకదానికొకటి లంబంగా, నిట్టనిలువుకు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఒక గోడ మీద ఎడమవైపు ధ్వని, రెండో గోడ మీద కుడివైపు ధ్వని చెక్కి ఉంటాయి. ముల్లు రెండింటినీ ఒకేసారి తడుముతుంది. ముల్లు వెనక ఉన్న చిన్న అయస్కాంతం, తీగచుట్టలు ఆ రెండు కదలికలనూ వేర్వేరు విద్యుత్ ప్రవాహాలుగా మారుస్తాయి. ఇది ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే.

ఈ ఊహ అలన్ బ్లూమ్లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది. సినిమాకు వెళ్ళినప్పుడు తెర మీద మనిషి ఒక పక్క ఉంటే గొంతు మరో పక్కనుంచి రావడం ఆయనకు నచ్చలేదని చెబుతారు. 1931 డిసెంబరులో, 28 ఏళ్ళ వయసులో, రెండు మార్గాల ధ్వనికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. ఒకే గాడిలో రెండు ధ్వనులు చెక్కే పద్ధతి కూడా అందులో ఉంది. 1934 జనవరిలో అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నడిపిన లండన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం మొజార్ట్ 'జూపిటర్' సింఫనీని సాధన చేస్తుండగా ఈ పద్ధతిలో రికార్డు చేశాడు. కాని ప్రపంచం అందుకు సిద్ధంగా లేదు. 1942లో రాడారు పరీక్షిస్తున్న విమానం కూలి బ్లూమ్లైన్ 38 ఏళ్ళకే మరణించాడు. స్టీరియో రికార్డులు బజారుకు వచ్చింది 1957-58లో. ఎల్బో బృందం 2009లో వాద్యబృందంతో కలిసి వాయించింది కూడా అదే అబీ రోడ్ స్టూడియోలోనే!

రెండు గోడల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఎడమ, కుడి ధ్వనులు రెండూ సమానంగా ఉంటే ముల్లు పక్కలకు మాత్రమే ఊగుతుంది. ఒకటి మరొకదానికి వ్యతిరేకంగా ఉంటే ముల్లు పైకీ కిందికీ కదులుతుంది. పైకి మరీ ఎక్కువగా లేస్తే గాడి లోతు తగ్గిపోయి ముల్లు బయటికి దూకుతుంది. పాప్ పాటల్లో మంద్రస్వరం పలికే డ్రమ్మునూ బేస్ గిటారునూ మధ్యలో ఉంచుతారు గనుక ఇబ్బంది లేదు. వాద్యబృందంలో అలా కాదు. మంద్రస్వరం పలికే పెద్ద డబుల్ బేస్ వాద్యాలను సాధారణంగా కుడివైపున కూర్చోబెడతారు. అందుకే రికార్డు చెక్కే ఇంజనీరు అవసరమైతే బాగా తక్కువ పౌనఃపున్యాలను మాత్రం రెండు వైపులకూ సమానంగా పంచుతాడు. మంద్రస్వరం ఏ వైపునుంచి వస్తోందో మన చెవి అంత స్పష్టంగా పోల్చుకోలేదు కనుక వినేవారికి లోటు తెలియదు.

మంద్రానికి చోటు, తారకు బలం

డబుల్ బేస్‌లో అత్యల్ప స్వరం సుమారు 41 హెర్ట్జ్. అంటే సెకనుకు 41 కంపనాలు. వయొలిన్ అతిస్వరాలైతే 10,000 హెర్ట్జ్‌ను దాటిపోతాయి. ఈ రెండింటినీ ఒకే గాడిలో ఉన్నవి ఉన్నట్లుగా చెక్కితే ఏమవుతుంది?

తీగచుట్టలో పుట్టే విద్యుత్తు ముల్లు కదిలే వేగాన్నిబట్టి ఉంటుంది. సెకనుకు 1000 సార్లు ఊగే ముల్లుతో సమానమైన వేగం సెకనుకు 50 సార్లు ఊగే ముల్లుకు రావాలంటే, అది 20 రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. అంత దూరం ఊగితే పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. మరోవైపు, తారస్థాయి స్వరాల కదలిక ఎంత సూక్ష్మమంటే, రికార్డు మీది దుమ్ము చేసే చిటపటల్లో అవి మునిగిపోతాయి.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం సులువైనదే. చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గిస్తారు, తారస్వరాలను పెంచుతారు. వినేటప్పుడు యాంప్లిఫయరు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తుంది. అప్పుడు అసలు సంగీతం తిరిగి వస్తుంది. పైగా దుమ్ము చేసే చిటపటలు కూడా తారస్థాయిలోవే గనుక, తారస్వరాలతో పాటు అవీ తగ్గిపోతాయి. మొదట్లో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క లెక్క పాటించేది. 1954లో అమెరికాలోని రికార్డు సంస్థల సంఘం అందరికీ ఒకే కొలత నిర్ణయించింది. దాని ప్రకారం 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ స్వరాన్ని సుమారు తొమ్మిదో వంతుకు తగ్గిస్తారు. 20,000 హెర్ట్జ్ స్వరాన్ని తొమ్మిది రెట్లకు పైగా పెంచుతారు.

అర కిలోమీటరు ప్రయాణం

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. పెద్ద రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. ఒక వైపు 22 నిమిషాల సంగీతం ఉంటే మొత్తం 733 చుట్లు. సంగీతం ఉన్న భాగం కేంద్రం నుంచి 14.6 సెంటీమీటర్ల దూరంలో మొదలై 6 సెంటీమీటర్ల దగ్గర ముగుస్తుందనుకుందాం. సగటు వ్యాసార్థం 10.3 సెం.మీ. సగటు చుట్టుకొలత 64.7 సెం.మీ. దీన్ని 733 చేత గుణిస్తే 474 మీటర్లు! చేతిలో పట్టే పళ్ళెం మీద దాదాపు అర కిలోమీటరు బాట ఉందన్నమాట. ఈ 733 చుట్లూ 8.6 సెంటీమీటర్ల వెడల్పులో ఇమడాలి. అంటే ఒక్కొక్క చుట్టుకు దక్కేది 0.12 మిల్లీమీటరు కంటే తక్కువ. అందులో సగం గాడి వెడల్పుకే పోతుంది. ఊగడానికి మిగిలేది వెంట్రుక మందమంత చోటే.

అందుకే రికార్డు చెక్కే ఇంజనీరుకు మూడు కోరికలు ఒకేసారి తీరవు: బిగ్గరగా ఉండాలి, మంద్రస్వరం నిండుగా ఉండాలి, ఎక్కువసేపు ఆడాలి. ఏ రెండు కావాలన్నా మూడోది వదులుకోక తప్పదు. చెక్కే యంత్రం రాబోయే సంగీతాన్ని ముందుగానే గమనించి, నెమ్మదిగా ఉన్నచోట గాళ్ళను దగ్గరగానూ, బిగ్గరగా ఉన్నచోట ఎడంగానూ వేస్తుంది. రికార్డును దీపం వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. గాళ్ళు దగ్గరగా ఉన్న పట్టీలు, ఎడంగా ఉన్న పట్టీలు వేర్వేరు మెరుపుతో కనిపిస్తాయి. పాట ఎక్కడ పెరిగిందో వినకుండానే తెలుసుకోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టం చూడండి. రికార్డు తిరిగే వేగం మారదు గాని, ముల్లు కింద గాడి జరిగే వేగం మారుతుంది. బయటి చుట్టు పొడవు సుమారు 92 సెం.మీ. కనుక అక్కడ వేగం సెకనుకు 51 సెం.మీ. లోపలి చుట్టు పొడవు 38 సెం.మీ. మాత్రమే. అక్కడ వేగం 21 సెం.మీ. అంటే 10,000 హెర్ట్జ్ స్వరం ఒక తరంగానికి బయట 0.051 మి.మీ. చోటు దొరుకుతుంది. లోపల 0.021 మి.మీ. మాత్రమే. మామూలు గుండ్రటి ముల్లు కొస వ్యాసార్థమే సుమారు 0.018 మి.మీ.! గున్న ఏనుగు సందు మలుపులో తిరగలేనట్లు, ఆ ముల్లు అంత చిన్న వంపుల్లోకి దిగలేదు. స్వరం బొంగురుపోతుంది.

వాద్యబృందపు రచనల్లో అత్యంత గంభీరమైన ఘట్టం ఎక్కడ వస్తుంది? తరచుగా చివరలోనే! అంటే సంగీతానికి అన్నిటికంటే ఎక్కువ చోటు కావలసినప్పుడు రికార్డు మీద అన్నిటికంటే తక్కువ చోటు మిగిలి ఉంటుంది. పెద్ద గర్జనతో ముగిసే పాటను వైపు చివర ఉంచాలా, మొదట ఉంచాలా అన్నది కేవలం అభిరుచి విషయం కాదు, భౌతిక శాస్త్ర విషయం కూడా.

ఈ చిక్కు తప్పించుకోవడానికి కొన్ని మార్గాలున్నాయి. ఒక వైపు తక్కువ నిమిషాల సంగీతమే చెక్కి, లోపలి భాగాన్ని ఖాళీగా వదిలెయ్యడం ఒకటి. నిమిషానికి 45 చుట్లు తిరిగేలా చెక్కడం రెండోది. అప్పుడు అదే 6 సెం.మీ. దగ్గర వేగం 21 నుంచి 28 సెం.మీ.కు పెరుగుతుంది. కాని ఒక్క రికార్డులో పట్టేది రెండు రికార్డులు అవుతుంది. కొస సన్నగా చెక్కిన ముల్లు వాడటం మూడోది. నాలుగోది విచిత్రమైనది. సంగీతాన్నీ, చెక్కే యంత్రాన్నీ రెండింటినీ సగం వేగంతో నడుపుతారు. 20,000 హెర్ట్జ్ స్వరం చెక్కే ఉలికి 10,000 గానే కనిపిస్తుంది. 20 నిమిషాల సంగీతం చెక్కడానికి 40 నిమిషాలు పడుతుంది గాని, ఉలి తొందరపడకుండా సూక్ష్మమైన వంపులు చక్కగా చెక్కుతుంది. అబీ రోడ్ స్టూడియో ఈ పద్ధతికి ఇటీవలి సంవత్సరాల్లో పేరు పొందింది.

మూడు నిమిషాల పాట

"పాటలు మూడు నాలుగు నిమిషాలే ఎందుకుంటాయి?" అని ఎప్పుడైనా ఆలోచించారా? ఇందుకు రికార్డే ముఖ్య కారణం. ఎమిల్ బెర్లినర్ 1887లో పళ్ళెం ఆకారపు రికార్డును కనిపెట్టాడు. తరువాత నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు స్థిరపడ్డాయి. పది అంగుళాల రికార్డుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. మన తాతల కాలంలో పౌరాణిక నాటక పద్యాలు ఇటువంటి రికార్డుల మీద ఊరూరా మోగాయి. రంగస్థలం మీద రాగాలాపనతో ఎంతో సేపు సాగదీసే పద్యాన్ని నటులు ఆ మూడు నిమిషాల్లో కుదించి పాడవలసి వచ్చేది. ఆ రికార్డులు లక్కతో చేసేవారు. లక్క పురుగుల నుంచి తీసే ఈ పదార్థానికి భారతదేశమే పెద్ద వనరు. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే లక్క కూడా ఆ జాతిదే. 1908లోనే కలకత్తాలో రికార్డుల కర్మాగారం వెలసింది.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్‌తో చేసిన 33⅓ చుట్ల రికార్డును విడుదల చేసింది. వినైల్ అంటే మీ ఊళ్ళో నీళ్ళ గొట్టాలకు వాడే పి.వి.సి. జాతికి చెందిన ప్లాస్టిక్. లక్కకంటే నునుపు, కనుక గరగర తక్కువ. గాడి సన్నం, కనుక ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. పాశ్చాత్య సింఫనీలను మధ్యమధ్య రికార్డు మార్చకుండా వినడం అప్పుడే సాధ్యమైంది. కాని పాప్ పాట మాత్రం అలవాటు కొద్దీ మూడు నాలుగు నిమిషాల దగ్గరే ఉండిపోయింది. అటువంటి పాటను వాద్యబృందానికి మలిచినప్పుడు అది నిదానంగా విచ్చుకుంటుంది. ఆర్కేడ్ ఫైర్ పాట మొదట అయిదు నిమిషాల లోపే. గేబ్రియల్ పాడినప్పుడు ఆరు నిమిషాలు దాటింది.

తండ్రి, తల్లి, కొడుకు

ఒక్క రికార్డు చెక్కితే వేల ప్రతులు ఎలా వస్తాయి? అల్యూమినియం పళ్ళెం మీద మెత్తటి లక్కవంటి పూత పూసి, వేడిచేసిన గట్టి రాతి ఉలితో గాడి చెక్కుతారు. దాని మీద పలచగా వెండి చిమ్మి, విద్యుద్విశ్లేషణ తొట్టిలో ఉంచి నికెల్ పూత పట్టిస్తారు. గిన్నెలకు పూత వేయడం గురించి రసాయన శాస్త్రంలో చదివారు కదా, అదే పద్ధతి. ఈ నికెల్ పొరను ఊడదీస్తే గాడికి బదులు గట్టు ఉన్న అచ్చు వస్తుంది. దీన్ని 'తండ్రి' అంటారు. తండ్రి మీద మళ్ళీ నికెల్ పూత పట్టిస్తే గాడి ఉన్న 'తల్లి' వస్తుంది. తల్లి నుంచి గట్లు ఉన్న 'కొడుకు' అచ్చులు తీస్తారు. వేడిచేసిన వినైల్ ముద్దను రెండు కొడుకు అచ్చుల మధ్య పెట్టి సుమారు వంద టన్నుల బలంతో నొక్కి చల్లారిస్తే అర నిమిషంలో రికార్డు తయారు. ఒక అచ్చుతో వెయ్యి ప్రతుల దాకా నొక్కాక అంచులు అరిగిపోతాయి. అప్పుడు తల్లి నుంచి కొత్త అచ్చు తీస్తారు.

నేను చేసిన పాపం

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చిన్నతనంలో మా నాన్నగారికి ఎంతో ఇష్టమైన ఒక పాటల రికార్డు ఉండేది. ఒకచోట ముల్లు దూకి, అదే మాట మళ్ళీ మళ్ళీ పాడేది. నేను తెలివి ఉపయోగించి ముల్లు తల మీద ఒక అర్ధరూపాయి నాణెం అతికించాను. ముల్లు దూకడం మానింది! ఎంతో గర్వపడ్డాను. నెల తిరిగేసరికి ఆ రికార్డే కాదు, ఇంట్లోని రికార్డులన్నీ బొంగురుపోయాయి. నాన్నగారు నన్ను ఏమీ అనలేదు. మళ్ళీ ఆ రికార్డు తీయనూ లేదు.

ఏం జరిగిందో భౌతిక శాస్త్రం చదివాక అర్థమైంది. మంచి ముల్లు గాడి మీద మోపే భారం సుమారు 2 గ్రాములు. అంటే 0.02 న్యూటన్లు. కాని అది ఆనే వైశాల్యం ఎంత? ఒక్కొక్క గోడ మీద పొడవూ వెడల్పూ మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న చుక్క అనుకుందాం. రెండు గోడలకూ కలిపి 2 × 10⁻¹⁰ చదరపు మీటర్లు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం 10⁸ పాస్కల్స్! వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు. నా నాణెం బరువు 5 గ్రాములు. అది ఎన్ని సూక్ష్మమైన వంపులను చదును చేసిందో ఊహించండి. మొదట అరిగిపోయేవి తారస్వరాలే. అవే గొంతుకూ, వయొలిన్‌కూ తేట తెచ్చేవి.

రికార్డుకు ఉన్న పెద్ద లోపం ఇదే. విన్న ప్రతిసారీ ఎంతో కొంత అరుగుతుంది. మరొక లోపం దాని పరిధి. గాడి గరగరకూ, గాడి భరించగల గర్జనకూ మధ్య తేడా సుమారు 60 నుంచి 70 డెసిబెల్స్. సి.డి.కి అది 96 డెసిబెల్స్. వాద్యబృందంలో ఒక్క వయొలిన్ మెల్లగా పలికే ఘట్టం చిటపటలకు దగ్గరగా వచ్చేస్తుంది. కొలతల ప్రకారం సి.డి.యే మెరుగు. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు ఈ నిజాన్ని దాచకూడదు.

అయినా 2022లో అమెరికాలో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు, 3 కోట్ల 30 లక్షల సి.డి.లు అమ్ముడయ్యాయి. 1987 తరువాత రికార్డుల సంఖ్య సి.డి.లను మించడం అదే మొదటిసారి. ఎందుకంటారు? పెద్ద అట్ట, దాని మీది బొమ్మ, చేత్తో ముల్లు ఆనించడం, ఒక వైపు పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని వినడం - ఇవన్నీ మనుషులకు నచ్చాయి. మా తరగతి పిల్లలూ అలాగే కూర్చుని విన్నారు. ఆ అమ్మాయి అలా విన్నందునే ఆ ప్రశ్న అడిగింది. ధ్వని కంటికి కనిపించే గాడిగా, వేలికి తగిలే వస్తువుగా ఉన్నప్పుడు ప్రశ్న పుడుతుంది.

మీరే చేసి చూడండి

1. గ్రాఫు కాగితం మీద ఒక తరంగాన్ని గీయండి. అదే అక్షం మీద, దానికి మూడు రెట్ల పౌనఃపున్యం, మూడో వంతు ఎత్తు ఉన్న ఇంకొక తరంగాన్ని గీయండి. ప్రతి గడి దగ్గర రెండింటి ఎత్తులనూ గుర్తులతో సహా కూడి, మూడో రంగుతో చుక్కలు పెట్టి కలపండి. వచ్చిన గీతే గాడి ఆకారం. ఆ గీతను మాత్రమే మీ మిత్రుడికి చూపి, అందులో ఎన్ని తరంగాలున్నాయో చెప్పమనండి.

2. దళసరి కాగితాన్ని శంఖంలా చుట్టి, మొనకు ఒక గుండుసూదిని అతికించండి. పూర్తిగా పాడైపోయిన, పనికిరాదని పెద్దలు చెప్పిన రికార్డు తిరుగుతుండగా సూదిని మెల్లగా గాడిలో ఆనించండి. విద్యుత్ యాంప్లిఫయరు లేకుండానే సన్నగా పాట వినిపిస్తుంది. మంచి రికార్డు మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి. ఒక్కసారికే అది చెడిపోతుంది. నా నాణెం కథ గుర్తుంచుకోండి.

3. 45 చుట్ల రికార్డులో, కేంద్రానికి 10 సెం.మీ. దూరంలో గాడి వేగమెంత? అక్కడ 5,000 హెర్ట్జ్ స్వరానికి ఒక తరంగం పొడవెంత? లెక్కకట్టి మీ మాస్టారికి చూపండి.